దేవదూత కాని మొగుడికి నాలుగు ముక్కలు

రొదోపి కొండల కింద ఆ పొగాకు ఊళ్ళో చెడ్డవాళ్ళెవరూ చావరు. అనుమానముంటే బస్టాపులో, కరెంటు స్తంభాల మీద, ఇళ్ళ తలుపుల మీద అంటించిన నల్లంచు కాగితాలు చూడండి. పోయినప్పుడు ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఏడాదికి ఒకటి. ఫొటో, పేరు, కింద నాలుగు ముక్కల పద్యం. జనం రొట్టె కొనడానికి వెళుతూ ముందు వాటినే చదువుతారు. కన్నతల్లిని పారతో కొట్టినవాడు కూడా అక్కడ బంగారు మనసువాడే. వాటిని అచ్చువేసే పెన్కా దుకాణంలో కన్నీళ్ళూ నక్షత్రాలూ కలిపిన పద్యాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఏది కావాలో వేలుపెట్టి చూపిస్తే చాలు.

ఆ నక్షత్రాలతో విసుగెత్తినవాళ్ళు రుసాంకా దగ్గరికి వచ్చేవాళ్ళు. రుసాంకా చిన్నప్పటి నుంచీ పొగాకు ఆకుల్ని సూదితో దండలు గుచ్చిన మనిషి. వేళ్ళకు నల్లటి బంక పట్టి ఉంటే కలం ఎలాగూ పట్టలేదు. అందుకని పద్యం తలలోనే కట్టుకునేది. తలలో నిలవాలి కాబట్టి పొట్టిగా కట్టేది. నాన్న గనిలో పోయినప్పుడు కట్టింది, చేలో వడగళ్ళు పడ్డప్పుడు కట్టింది, పెళ్ళయ్యాక ఇంటి కప్పు కారినప్పుడూ కట్టింది. మొగుడు బ్లగోయ్ అన్నీ విని, "బావుందే, ఇక పడుకో" అనేవాడు. ఆ ఇంట్లో అతను చేసిన సాయం అంతే. కిందటి ఏడాది పొగాకు కోతలు అయ్యాక నిద్రలోనే పోయాడు.

"బాగా అలవాటైన చోటే పోయాడు" అంది రుసాంకా.

గ్రంథాలయం అధ్యక్షుడు పంచోవ్ ఎండాకాలంలో కూడా మెడకు పట్టుగుడ్డ చుట్టుకునే మనిషి. అలాంటి మనిషి ఆమెను కనిపెట్టాడు. ఊరందరికీ తెలిసిన ఆడదాన్ని కనిపెట్టడమంటే మాటలా?

"మీ నాన్న కొట్టేవాడా, రుసాంకా?"

"లేదండీ."

పంచోవ్ మొహం వాడిపోయింది. "పోనీ, పస్తులున్నారా?"

"ఒక చలికాలమంతా బంగాళాదుంపలే తిన్నాం."

"అద్భుతం! నీ పద్యాలు పుస్తకం వేద్దాం" అని గబగబా రాసుకున్నాడు.

కవయిత్రి అని పిలిపించుకోవడం ఎవరికి చేదు? రుసాంకా జుట్టుకు రంగు వేయించుకుంది. పెన్కా దగ్గర బూట్లు అరువు తెచ్చుకుంది. బ్లగోయ్ మీద కట్టిన పద్యం కూడా పుస్తకానికి ఇచ్చేసింది. సమాధి దగ్గర చెప్పబోతే ఆ రోజు గొంతు పెగల్లేదు. ఒక్కసారి నలుగురి ముందూ అది చెప్పి అతన్ని సాగనంపాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

పుస్తకం వచ్చింది. పంచోవ్ దానికి 'కన్నీటి ఆకులు' అని పేరు పెట్టాడు. అమ్ముడుపోని ఆ కట్టల్ని ఇప్పుడు గ్రంథాలయం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారు. ఆ మేరకు ఉపయోగమే. అందులో బ్లగోయ్ పద్యం చివర "నిద్రించు, నా దేవదూతా" అని ఉంది.

"ఎవరండీ ఈ దేవదూత? నేను అలాంటివాణ్ణి చేసుకోలేదే."

"ఆ ముక్క నేనే మార్చాను. చచ్చిన మొగుణ్ణి సోమరీ అంటే ఎవరేడుస్తారమ్మా? ఆదివారం రాజధాని సోఫియా నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు ఇదే చదవాలి. పొగాకు పనిలో వేసుకునే ఆ మాసిన గౌనుతోనే రా. చేతులు కడుక్కోకు."

ఆదివారమే బ్లగోయ్ సంవత్సరీకం. వేదికెక్కి ఆ మాట చదివితే, పైనుంచి వింటున్న బ్లగోయ్ ఇది ఎవరితో మాట్లాడుతోందా అని వెనక్కి తిరిగి చూసుకుంటాడు. రుసాంకా అరువు బూట్లతోనే తిన్నగా పెన్కా దుకాణానికి నడిచింది.

"బ్లగోయ్ ఏడాది కాగితం వెయ్యి. నా ముక్కలే, నేను చెప్పినట్టే."

పద్యం విని పెన్కా నోరు నొక్కుకుంది. "ఒసేయ్, సంవత్సరీకానికి మొగుణ్ణి తిట్టిందంటారే!"

"బతికుండగా తిడితే ఎవడొచ్చాడు అడ్డం?"

ఆదివారం గ్రంథాలయం తలుపు మీద కూడా ఆ కాగితం వెలిసింది. టోపీ పెట్టుకున్న బ్లగోయ్ ఫొటో, కింద పద్యం:

వాన పడితే కప్పు కారేది, నువ్వు గుర్రు పెట్టేవాడివి.
లేచి గిన్నెలన్నీ నేనే పెట్టేదాన్ని.
ఇప్పుడు వాన నీ మీదే కురుస్తోంది.
లే, సోమరి మనిషీ, లేచి గిన్నె పెట్టు.

సభకు వచ్చినవాళ్ళు మెట్ల మీదే ఆగిపోయారు. రుసాంకా అక్కడే నిలబడి, పోయినవాడి పేరున చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు కప్పుల్లో పంచుతోంది. బ్లగోయ్‌తో కలిసి తాగిన గెన్చో పైకే చదివి పకపకా నవ్వాడు. "వీడేరా! అచ్చం వీడే, వెధవ!" అన్నాడు. అని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మళ్ళీ పెట్టుకోలేదు.

"నువ్వు చెప్పు రుసాంకా, నీ నోటితో" అన్నారెవరో. రుసాంకా చెప్పింది. చివరిదాకా చెప్పింది. ఈసారి గొంతు మొరాయించలేదు.

లోపల సోఫియా పెద్దలు ఖాళీ కుర్చీల మధ్య గడియారాలు చూసుకుంటున్నారు. పంచోవ్ చంకలో పుస్తకంతో బయటికి ఊడిపడ్డాడు.

"ఏమిటీ అల్లరి? లోపలికొచ్చి చదువు!"

"అయిపోయిందండీ చదవడం" అంటూ రుసాంకా అతని చేతిలో ఒక కప్పు పెట్టింది.

అది పుచ్చుకున్నవాడు పోయినవాడికి దేవుడి క్షమ కోరుతూ ఒక మాట అనాల్సిందే, ఆచారం. జనమంతా అతని నోటి వంకే చూస్తున్నారు. పంచోవ్ పట్టుగుడ్డ సవరించుకున్నాడు.

"దేవుడు క్షమించాలి" అని గొణిగాడు.

"ఎవర్ని?" అంది పెన్కా.

మెట్లమీద నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

జనం వెళ్ళిపోయేసరికి కొండ మీద మబ్బు దిగి చినుకులు మొదలయ్యాయి. తలుపు మీద కాగితం తడుస్తోంది.

"అయ్యో, ప్లాస్టిక్ తొడుగు వెయ్యడం మరిచానే, పాడైపోతుంది!" అంటూ పెన్కా పరుగెత్తబోయింది.

రుసాంకా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. బ్లగోయ్ టోపీ మీదుగా నీళ్ళు జారుతున్నాయి.

"తడవనీ. లేస్తాడేమో చూద్దాం."