ఆరంగ్ రోడ్డు మలుపులో తేలిక చక్రం

1997 ఎండాకాలం. రాయ్‌పూర్‌లో టాటీబంద్ దగ్గర నాకు వీల్ బ్యాలెన్సింగ్ షాపు ఉండేది. బరువు అన్ని వైపులా సమానంగా ఉండి చక్రం అదరకుండా తిరిగేలా చెయ్యడమే వీల్ బ్యాలెన్సింగ్. అప్పుడప్పుడే ఊళ్లో అల్లాయ్ వీల్స్ మోజు మొదలైంది. ఇనప చక్రాలు తీసేసి తేలికైన అల్యూమినియం చక్రాలు వేయించుకునేవారు. కారు నిజంగా మారుతుందా అని ప్రతివాడూ అడిగేవాడు.

బీర్‌గావ్‌లో ఉండే సుధాకర్ గారు మాత్రం అలా అడగలేదు. ఉర్లాలో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్ ఆయన. తన కారు మారిందని చెప్పడానికే వచ్చారు.

"డేవిడ్ గారూ, సెకండ్ హ్యాండ్‌లో నాలుగు అల్లాయ్‌లు దొరికాయండీ. బండి గాల్లో తేలిపోతోంది. ఒక్కటే పరేషానీ. ఆదివారాలు ఆరంగ్‌లో మా వదినగారింటికి వెళ్తాం. దారిలో ఒకచోట స్టీరింగ్ దానంతటదే ఎడమకి లాగుతోంది. ప్రతిసారీ అక్కడే."

ఆయన భార్య విజయగారు కారు దిగి దూరంగా నిలబడ్డారు. "లాగేముందు ఎవరో మూలుగుతున్నట్టు వినిపిస్తుందన్నయ్యా," అన్నారు. "నోరు మూసుకుని మూలిగినట్టు. నా కాళ్ల కిందనుంచే."

"నువ్వూరుకో విజయా. ఇంజిన్ చప్పుడది."

చక్రాలు మెషిన్ మీద పెట్టి చూశాను. బ్యాలెన్స్ సరిగ్గానే ఉంది. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, అదీ బాగానే ఉంది. తూకం వేస్తే ఒక్కో చక్రం ఇనపదానికన్నా దాదాపు రెండు కిలోలు తక్కువ. ఏ తప్పూ దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం బయల్దేరాం. నేను నడిపాను. విజయగారిని రోజూ కూర్చునే చోటే, నా ఎడమ పక్కన కూర్చోమన్నాను. ఇష్టం లేకుండానే కూర్చున్నారు.

సుధాకర్ గారు చెప్పింది అబద్ధం కాదు. స్ప్రింగుల కింద ఉండే బరువుని మేం అన్‌స్ప్రంగ్ వెయిట్ అంటాం. అది తగ్గితే గతుకుల మీద చక్రం త్వరగా రోడ్డుని అందుకుంటుంది, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. పికప్‌లో మాత్రం తేడా వాచీకి అందనంత చిన్నది. అయినా నడపడానికి హాయిగా ఉంది. ఎంత హాయిగా అంటే, ఎందుకొచ్చామో కాసేపు మర్చిపోయాను.

"మొదలైంది," అన్నారు విజయగారు.

తిన్నటి రోడ్డు. ఎదురుగా ఒక్క బండీ లేదు. ఎండకి తారు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తోంది. నాకేమీ వినిపించలేదు. ముందు కుడిచేతి మలుపు వచ్చింది. అందులోకి తిప్పగానే ఆ మూలుగు నాకూ వినిపించింది. మరుక్షణం స్టీరింగ్ ఎడమకి కదిలింది. కుదుపు కాదు. నా చేతుల మీద ఇంకెవరో చేతులు వేసి మెల్లగా తిప్పినట్టు. మలుపు అయిపోగానే ఆ చేతులు వదిలేశాయి. మూలుగూ ఆగిపోయింది.

కారు పక్కకి ఆపాను. దిగి ఎడమ ముందు చక్రం తీసేసి స్టెప్నీ, అంటే డిక్కీలో ఉండే ఇనప చక్రం, బిగించాను. వెనక్కెళ్లి మళ్లీ అదే మలుపు తిరిగాం. మూలుగు లేదు, స్టీరింగూ లాగలేదు.

మా నాన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటూ రైల్వే వ్యాగన్ల రిపేరు వర్క్‌షాపులో పనిచేశాడు. చక్రాన్ని సుత్తితో తట్టి, చప్పుడుని బట్టి పగులుందో లేదో చెప్పేవాడు. షాపుకొచ్చి నాలుగు చక్రాలూ అలాగే తట్టాను. మూడు ఖంగుమన్నాయి. నాలుగోది, ఆ ఎడమ ముందు చక్రం, తడి కర్ర మీద కొట్టినట్టు పలికింది. రంగు గీకితే కింద వెల్డింగ్ గీత బయటపడింది. పగిలిన చక్రాన్ని ఎవరో అతికించి, మెరిసే రంగు పూసి అమ్మేశారు. అంత వేగంలో కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. అప్పుడు పగులు నోరు తెరుస్తుంది, దాని అంచులు రాసుకుంటాయి. మూలుగు అదే. చక్రం ఒరిగి స్టీరింగ్‌ని తనవైపు లాగుతుంది. మరి తిన్నటి రోడ్డు మీద, మలుపుకి ముందే ఆవిడకెలా వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సుధాకర్ గారు ఆ చక్రాలు కొన్న స్క్రాప్ కొట్టుకి వెళ్లి ఆ చక్రం ఏ బండిదని అడిగారట. కొట్టువాడు తలెత్తకుండా, "వో గాడీవాలే లేనే హీ నహీ ఆయే," అన్నాడట. యాక్సిడెంటైన ఆ బండిని తీసుకెళ్లడానికి దాని తాలూకు మనుషులే రాలేదన్నమాట.

మర్నాడు దంపతులిద్దరి ముందే ఆ చక్రాన్ని సమ్మెటతో కొట్టాను. ఒక్క దెబ్బకే విడిపోయింది. పాత పగులు నల్లగా ఉంటుంది, అప్పుడే విరిగిన లోహం తెల్లగా మెరుస్తుంది. అక్కడంతా నలుపే. అంచున మాత్రం గోరంత తెలుపు.

విజయగారు దాని మీద వేలు పెట్టారు. "ఇన్నాళ్లూ మమ్మల్ని మోసింది ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

సుధాకర్ గారు భార్య వైపు చూసి, "నీ మాట వినాల్సింది," అన్నారు. ఆ సాయంత్రమే పాత ఇనప చక్రాలు వేయించుకుని వెళ్లిపోయారు.

తేలిక చక్రాల వల్ల తేడా ఉందా అని ఎవరడిగినా ఉందనే చెబుతాను. అయితే ఆ రోజు నా చేతులకి తెలిసిన హాయిలో చక్రం తేలికదనం ఎంత, విరిగిపోబోయే లోహం ఇచ్చిన వదులు ఎంత? ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న చేతులు ఆ రెంటినీ వేరు చెయ్యలేకపోయాయి. అప్పట్నుంచీ ఎవరైనా వచ్చి కారు చాలా హాయిగా పోతోందని సంబరంగా చెబితే, నేను ముందు జాకీ వేస్తాను.