మూసిన గదిలో సర్వర్

మామ ధనిష్ఠా నక్షత్రంలో పోయాడు. పోయిన మనిషి గదిని పట్టుకుని వేలాడకూడదని, పత్తికొండలో మా ఇంట్లో ఆయన గదిని ఆరు నెలలు మూసేయమన్నారు పెద్దమనుషులు. తాళం వేసి, తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టారు. తన టమోటా మండీ కబుర్లన్నీ సొంత గొంతుతో రికార్డు చేసి ఆయన దాచుకున్న సర్వర్, ఓ చిన్న నల్లడబ్బా, లోపలే ఉండిపోయింది. అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ అది గుర్తు రాలేదు.

మాసికం నాడు అత్త నన్ను పిలిచింది.

"మీ మామ గొంతు ఒక్కసారి వినిపియ్యి పాపా. మర్చిపోతాండా. శానా భయంగా ఉండాది."

ఆ సర్వర్‌లోని రికార్డింగులు అందుకుని వినిపించే రిసీవర్ హాల్లో టీవీ కింద ఉంది. ఎన్నిసార్లు పెట్టినా సర్వర్ కనిపించడం లేదంటుంది. రూటర్ ఆపి వేశాను, కేబుల్ మార్చాను, అడ్రసు మళ్లీ కొట్టాను. మధ్యాహ్నమంతా నేను కుస్తీ పట్టాక మా ఆయన తాపీగా అన్నాడు.

"ఆ గది ఫ్యూజు నేనే పీకినా కదా. మూసిన గదికి కరెంటెందుకు?"

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఒళ్లు మండిపోయింది.

ఫ్యూజు పెట్టాను. తలుపు వెనక ఏదో సన్నగా గుర్రుమంది. డబ్బాలోని ఫ్యానని తెలుసు. అయినా ఆ కంప వైపు చూడలేకపోయాను. రిసీవర్‌కు సర్వర్ దొరికింది, మామ గొంతు హాలంతా నిండింది. వర్షానికి బండి మీదే కుళ్లిపోయిన టమోటాల సంగతి చెబుతున్నాడు. అత్త టీవీని చూడలేదు. మూసిన తలుపునే చూస్తోంది.

"ఆపు పాపా! పోతాండే మనిషిని మనమే పిలుస్తాండాం!"

కంగారులో రిమోట్ చేతికి దొరకలేదు. పరుగున వెళ్లి ఫ్యూజు పీకేశాను. గదిలో చప్పుడు ఆగిపోయింది. మామ గొంతు మాత్రం ఆగలేదు. రిసీవర్ ముందే లాగి దాచుకున్న ముక్క అది, అయిపోయేదాకా పలుకుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా పీకిన ఫ్యూజు వైపు మళ్లీ చూసుకున్నాను.

ఎప్పుడో రికార్డు చేస్తూ మధ్యలో భార్యను కేకేసినట్టున్నాడు.

"మే, యాడుండావు? గొంతెండిపోతాంది. రోన్ని నీళ్లు తే."

అక్కడితో ఆగిపోయింది.

అత్త వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తుమ్మకంప ముందు పెట్టి, తలుపు దగ్గరే కూర్చుంది.

"ఈడనే ఉండా," అంది తలుపుతో. "తాగి ఇంక పో. మర్చిపోనులే."