బార్జ్‌లో వచ్చిన రాయి

నా చిన్నప్పుడు, దేశం కాని దేశంలో, మా టాంపినీస్ ఫ్లాట్‌లో కాలికి రాయి తగలని చోటు ఉండేది కాదు. చెప్పుల అర కింద రాళ్ళు, బియ్యం డబ్బా పక్కన రాళ్ళు, బట్టలారేసే గట్టు మీద రాళ్ళు. అవన్నీ మా పిన్నివి. అమ్మకి చెల్లెలు, మా దగ్గరే ఉండి కాలేజీలో మొదటి ఏడు చదువుతుండేది. అందులో భూమి గురించి ఒక సబ్జెక్టు ఉంది. రాయి ఎలా పుడుతుంది, కొండ ఎలా అరుగుతుంది లాంటి తొలి పాఠాలే, కానీ పిన్నికి దాని మీదే ప్రాణం. రాయిని మేకుతో గీకేది, తడిపి వెలుగులో తిప్పేది, ఒక్కోసారి నాలుకతో నాకి కూడా చూసేది. అమ్మ తల కొట్టుకునేది. నేను మాత్రం ఎక్కాలు రాకముందే రాయిలో క్వార్ట్జ్ పలుకు ఏదో ఫెల్డ్‌స్పార్ పలుకు ఏదో చెప్పగలిగేదాన్ని.

మా పై అంతస్తులో ఒక అన్నయ్య ఉండేవాడు. అన్నయ్య అని రాయడానికి ఇవాళ్టికీ నాకు చేయి రాదు, కానీ అప్పుడు అలాగే పిలిచేదాన్ని. పిన్ని క్లాసే. సాయంత్రం అయ్యేసరికి మా ఇంట్లో దిగి, అమ్మ చేసిన చేగోడీలు నములుతూ పిన్ని నోటుపుస్తకం తిరగేసేవాడు. నేనేదైనా చెప్పబోతే, పిల్లకాకివి నీకేం తెలుసు పో అనేవాడు. పిన్నికి పుస్తకం ఇవ్వడం ఇష్టం లేదు. కానీ బ్లాకు మొత్తానికి తెలుగువాళ్ళం రెండే ఇళ్ళు. మనవాడే కదే, చూపిస్తే అక్షరాలు అరిగిపోతాయా అని అమ్మ పిన్నినే కసిరేది.

ఆ ఏడాది మొదటి రిపోర్టు కోసం పిన్ని బుకిట్ తిమాలోని పాత క్వారీకి మూడు ఆదివారాలు వెళ్ళింది. వానలో తడిసింది, జ్వరం తెచ్చుకుంది, అయినా రాసింది. వాడు పుస్తకం అడిగి తీసుకెళ్ళి, మొత్తం దింపుకుని, పిన్ని కంటే ఒకరోజు ముందే ఇచ్చేశాడు. లెక్చరర్ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. వెనక వచ్చింది పిన్నిది కాబట్టి దొంగ పిన్నే అయింది. సున్నా వేసి, రెండో రిపోర్టు కూడా ఇలాగే ఉంటే ఏడాది మళ్ళీ చదవాల్సిందేనన్నారు.

పిన్ని వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. నిజం చెప్పెయ్యమని నేనంటే, అమ్మ వద్దంది. పరాయివాళ్ళ ముందు మనవాళ్ళని పలచన చేసుకుంటామా అంది. ఆ మర్నాడు సాయంత్రం కూడా వాడు వచ్చాడు, చేగోడీలు అడిగాడు. ఆ పళ్ళెంలో ఇసక కలపాలని నాకు నిజంగా అనిపించింది.

రెండో రిపోర్టు ఈస్ట్ కోస్ట్ తీరంలోని రాళ్ళ మీద. ఈసారి పిన్ని నన్ను వెంట తీసుకెళ్ళింది. కట్టగా పేర్చిన పెద్ద పెద్ద గ్రానైట్ రాళ్ళు అవి. ఒకదాని పక్కన సగం పైపు చెక్కినట్టు తిన్నటి గాడి కనిపించింది. నా ముంజేయి అందులో సరిగ్గా పట్టింది. ఇదేంటి పిన్నీ అంటే, క్వారీలో రాయిని పేల్చడానికి డ్రిల్ చేసిన రంధ్రం తాలూకు సగం అని చెప్పింది. షిప్‌యార్డులో పనిచేసే మా నాన్న కూడా ఇలాంటి రాళ్ళు బార్జ్‌ల మీద, అంటే సరుకు మోసే బల్లపరుపు పడవల మీద, సముద్రం దాటి రావడం చూస్తుంటానని అనేవారు. ఆ తీరమే సముద్రాన్ని పూడ్చి కట్టింది, అక్కడ పుట్టిన రాయంటూ ఒక్కటీ లేదు.

పిన్ని అంతా రాసుకుంది. రంగు, పలుకుల పరిమాణం, పగుళ్ళు, అన్నీ. గాడి సంగతి, బార్జ్ సంగతి విడిగా ఒక పేజీ మీద రాసింది. ఇంటికొచ్చాక ఆ పేజీని జాగ్రత్తగా చింపి నా చేతికిచ్చి, ఎవరికీ చెప్పకు అంది. నేను దాన్ని స్కూలు బ్యాగులో, మలయ్ భాష పుస్తకం మధ్యలో దాచాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఎప్పుడూ అనేది. ఆ రెండు వారాలూ బాగానే నానింది. వాడు వచ్చి పుస్తకం అడిగితే పిన్ని నవ్వుతూ ఇచ్చింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది మాత్రం లేదు. వాడు దింపుకుంటుంటే నేనే వెళ్ళి మరో నాలుగు చేగోడీలు పెట్టాను.

రిపోర్టులు తీరంలోనే, రాళ్ళ ముందు నిలబడి చదవాలన్నారు లెక్చరర్. శనివారం కావడంతో నేనూ వెళ్ళాను. వాడు ముందుకొచ్చి, ఈ రాళ్ళు కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడే, ఈ నేల అడుగునే పుట్టి పైకి వచ్చాయని గొంతు సవరించుకుని మరీ చదివాడు. లెక్చరర్ ఆ గాడి మీద చేయి వేసి, మరి ఇది ఎలా వచ్చింది అని అడిగారు. అలలు తగిలి తగిలి అరిగిందన్నాడు వాడు. ఇంత తిన్నగానా, ఎవరైనా చెప్పగలరా అని ఆయన అందరి వైపూ చూశారు.

నేను చెయ్యెత్తాను. "అది డ్రిల్ గుర్తు, సార్. రాయి బార్జ్‌లో వచ్చింది."

క్లాసంతా గొల్లుమంది. వాడి ముఖం కందగడ్డ అయింది. తర్వాత పిన్ని తన రిపోర్టు చదివింది, నా బ్యాగులోంచి వచ్చిన పేజీతో సహా. అంతా విన్నాక లెక్చరర్ వాడిని పక్కకి పిలిచి, బుకిట్ తిమా క్వారీకి ఏ వైపు నుంచి దిగావని ఒక్క ప్రశ్న వేశారు. వాడు పిన్ని వైపు చూశాడు. పిన్ని సున్నా ఆ రోజే కొట్టివేశారు. ఏడాది వాడు మళ్ళీ చదివాడు.

బస్ స్టాప్ దగ్గర వాడు మా వెనకే వచ్చి, ముందే ఒక మాట చెబితే నీ సొమ్మేం పోయేదని పిన్నిని నిలదీశాడు.

"నువ్వు నన్ను అడగలేదు," అంది పిన్ని. "నా పుస్తకాన్ని అడిగావు."

అంతే, బస్సెక్కేశాం. తేలు కుట్టిన దొంగ ఎవరితో చెప్పుకుంటాడు? వాళ్ళమ్మ మాత్రం మాతో మాటలు మానేసింది. అమ్మ చాలా రోజులు బాధపడింది. నేను పడలేదు, నిజం చెప్పాలంటే లిఫ్ట్‌లో వాడు ఎదురైనప్పుడల్లా ముంజేయి చాపి చూపించేదాన్ని.

క్షమించడం గొప్ప గుణమంటారు. కావచ్చు, అది నాకు వేరే ఎవరైనా నేర్పి ఉండాల్సింది. మా పిన్ని నేర్పింది ఇదే. ఎండలో నిలబడి, చేత్తో తడిమి తెలుసుకున్నదాన్ని ఎవడూ దింపుకోలేడు. ముప్పై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. నా పని మీద తమ పేరు వేసుకున్నవాళ్ళు ఉన్నారు, మీటింగుల్లో ఏదో ఒక ప్రశ్న దగ్గర నోరు తెరుచుకుని నిలబడినవాళ్ళూ వాళ్ళే. ఎప్పుడూ ఎవరితోనూ గొడవపడలేదు. ఎవరైనా నా నోట్సు అడిగితే ఇవాళ్టికీ కాదనను, నవ్వుతూనే ఇస్తాను. ఒక్క పేజీ మాత్రం నా బ్యాగులోనే ఉంటుంది.