ఎండుపోక

ప్రాణహిత మీద వంతెన లేని ఆ రోజుల్లో, సిరొంచ నుంచి అహేరి దాకా నా అంత తెలుగు వచ్చినవాడు లేడు. నేను నోరు విప్పితే నడిచే పడవ కూడా ఆగిపోయేది. (ఒకసారి ఆగిన మాట నిజమే. ఎండాకాలం, ఇసుకలో దిగబడి ఆగింది.) బడిలో చదివిందంతా మరాఠీ కావడంతో, అవతలి తెలుగు ఒడ్డు నుంచి తెచ్చుకున్న పాత పుస్తకాల తెలుగును అందరి మీదా ప్రయోగించేవాణ్ని. దాహమైతే నీళ్లు అడగను, ‘జలపానాభిలాష’ వెలిబుచ్చుతాను. ఇలాంటివాళ్లకు మావైపు పేర్లకు కొదవలేదు. మా మేనమామ నన్ను ‘కోర్టు కాయిదం’ అనేవాడు. ఆయన పెద్దకూతురు ‘ఎండుపోక’ అంది. ఎంత నమిలినా పళ్లు నొస్తాయే తప్ప రసం రాదట. ఆ పిల్ల నోట ఆ పేరు వినడానికే రోజుకో కొత్త సమాసం కట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాణ్ని.

ఆ వేసవిలో చుట్టాల పెళ్లికని అందరం పడవెక్కాం. నడుమ ఏట్లో ఇసుక తగిలి ఆగింది. మగవాళ్లం మోకాలిలోతు నీళ్లలో దిగి తోస్తుంటే, పక్కనున్న మామ నెమ్మదిగా అడిగాడు.

"జింగనూర్ సంబంధపోళ్లు గా పెండ్లికే వస్తున్నరు అల్లుడా. వాళ్లకు మాటియ్యకముందే అడుగుతున్న. మా పెద్దపిల్లను చేసుకుంటవా?"

నేను అనాల్సింది ఒక్క ‘ఊ’. గొంతు సవరించుకుని, "తమ పుత్రికా పాణిగ్రహణ ప్రస్తావనచే మదీయ హృదయాంతరాళము..." అని మొదలుపెట్టాను. ఎక్కడ ముగించాలో నాకే తెలియలేదు. మామ తోయడం ఆపి అంతా విన్నాడు. "వద్దనేగదా, జర సీదాగ చెప్తే అయిపోతుండె" అని మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు పుస్తకాలన్నీ ఏట్లో వదిలేసి, రెండు ఒడ్లకూ వినబడేలా "చేసుకుంట మామా" అన్నాను. ఆ ఒక్క మాట మీద మా ఇద్దరి సంసారం నడిచింది. ఇప్పుడామె లేదు. బస్సులో వంతెన దాటుతుంటే కిందున్న ఇసుకమేటలు చూసి, లోపల్లోపల ఒక పొడుగాటి సమాసం అనుకుంటాను. వెక్కిరించేవాళ్లు లేక అది అలాగే ఉండిపోతుంది.

మొన్న ఇదంతా ఆమె చెల్లెలికి చదివి వినిపించాను. ఆ రోజు తనూ పడవలోనే ఉంది. చివరిదాకా వింది.

"నువ్వేడన్నవ్ బావా? పడవ అంచు పట్టుకొని నోరు తెరిచి నిలబడ్డవ్. అక్కనే అన్నది. ‘ఆయనకు చెప్పుడు రాదు నాయినా, నేనే చేసుకుంట’ అని."