వాళ్ల పుస్తకంలో మా పక్కింటి పిల్ల

మన్సూరాబాద్‌లో మా పక్క రేకుల గదిలో ఒడిశా వాళ్లు కిరాయికి ఉండేవారు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ బిల్డింగు పనికి పోయేవారు. రెండేళ్ల ఆడపిల్ల. ఆ తల్లి నన్ను దీదీ అనేది. మా తెలుగును ముక్కలుగా పట్టుకుని, మిగతాది హిందీతో నింపేది.

ఒకరోజు ఒక మేడమ్ వచ్చింది. వలస వచ్చిన కుటుంబాలకు సర్కారు పథకాలు అందుతున్నాయా లేదా అని పరిశోధన చేస్తోందట. కోస్తా మనిషి, మెత్తటి మాట. ఇళ్లల్లో వంట చేస్తూ నేను హిందీ నేర్చుకున్నానని ఎవరో చెబితే నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుంది.

అప్పుడే వాన వెలిసింది. పిల్ల ఒంటి మీద నూలుపోగు లేకుండా బోరు దగ్గర బురదలో కూర్చుని వట్టి అన్నం తింటోంది. ముక్కు కారుతోంది. మేడమ్ ఫోన్ తీసి ఫోటో నొక్కగానే తల్లి పరుగెత్తుకొచ్చింది. "ఆగు మేడమ్, ఆగు!" అంటూ పిల్లను లోపలికి ఎత్తుకుపోయింది. గదిలోంచి ఏడుపు, నీళ్ల చప్పుడు. బయటికి వచ్చేసరికి పిల్ల పసుపు గౌనులో ఉంది. మొహం నిండా పౌడరు, బుగ్గన దిష్టిచుక్క. ఎదురు అపార్ట్‌మెంటు గోడ మీద కాగితంపూలు పూసిన చోట నిలబెట్టింది. మేడమ్ నవ్వుతూ మళ్లీ ఫోటోలు తీసింది.

"మా ఆయన ఫోన్‌కి భేజో మేడమ్. దాన్ల కెమెరా పల్గింది. ఊర్ల అత్తకు పంపాలె. పిల్లను అసల్ చూడలే ఆమె."

"తప్పకుండా పంపిస్తానమ్మా. ఎంత ముద్దుగా ఉందో!"

తర్వాత ప్రశ్నలు. పిల్లను అంగన్‌వాడీకి ఎందుకు పంపడం లేదని అడిగింది. తల్లి చెప్పింది, నేను తెలుగు చేశాను. రెండుసార్లు పోతే, ఆధార్‌లో అడ్రసు ఒడిశాదని తిప్పి పంపారు. మేడమ్ తల ఊపుతూ రాసుకుంది.

ఫోటో రాలేదు. తల్లి నా బటన్ల ఫోన్ నుంచి అడిగిస్తూనే ఉంది. "కాస్త బిజీ అండీ" అనేది మేడమ్. తర్వాత ఎత్తడం మానేసింది.

మరుసటి ఏడు ఆమే ఫోన్ చేసింది. పుస్తకం అచ్చయిందట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాల్లో సభ, మేము తప్పక రావాలట. తల్లి మొహం వెలిగిపోయింది. "ఫోటో ఇస్తది దీదీ!" అని ఆ రోజు పని మానుకుని పిల్లతో బయల్దేరింది.

హాలు గుమ్మంలోనే నా చేతికి పుస్తకం ఇచ్చారు. నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక, చర్చిలో ఆడవాళ్లకు చెప్పే చోట వచ్చాయి. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. పేజీలు తిప్పుతుంటే పిల్ల కనిపించింది. బురదలో, బట్టల్లేకుండా. కళ్ల మీద మాత్రం నల్ల పట్టీ వేసి, మిగతా ఒళ్లంతా లోకానికి వదిలేశారు. కింద ఇలా ఉంది: "వలస కుటుంబాల్లో తల్లుల అవగాహన లేమికి ఈ దృశ్యం ఉదాహరణ."

తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. అవగాహన లేదట! ఆధార్ సంగతి నా నోటితోనే కదా ఆమెకు చెప్పాను.

"క్యా లిఖా దీదీ?" అంది తల్లి. దాచకుండా చెప్పాను. ఆమె మిగతా పేజీలన్నీ తిప్పింది. "గీ ఫోటో కాదు కదా. గౌను ఫోటో ఏది?"

మేడమ్ పలహారాల బల్ల దగ్గర ఉంది. పోయి అడిగాను.

"అయ్యో, అవి డిలీట్ చేసేశానండీ. వాటిల్లో పిల్ల బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది కదా, పుస్తకానికి పనికిరావు."

"పిల్ల మంచిగుంటే మీకు పనికిరాదా మేడమ్?"

"అలా తీసుకోకండి. మీలాంటివాళ్ల కోసమే కదా ఇదంతా. సమోసా తిన్నారా?" అంటూ నా భుజం తట్టి వేదిక వైపు పోయింది. ఆ చెయ్యి పడ్డ చోట కడుక్కోవాలనిపించింది.

సభ మధ్యలో ఆ ఫోటోను గోడంత తెర మీద వేశారు. హాలంతా "అయ్యో" అంది. నా వెనక ఒకాయన అయ్యో అంటూనే సమోసా కొరికాడు. ఇంత రోత మనుషుల మధ్య నేనెప్పుడూ కూర్చోలేదు.

తల్లి పిల్లను నా ఒళ్లో పెట్టి లేచింది. నేరుగా పోయి తెర ముందు నిలబడి, కొంగు రెండు చేతులా చాచింది. బొమ్మ ఆమె చీర మీద పడింది.

ముందు వరుసలో నవ్వులు. "ఏ తల్లీ, సిన్మా అనుకున్నవా? జర పక్కకు జరుగు!"

మేడమ్ మైకులోనే నన్ను పిలిచింది. "అమ్మా, కొంచెం తప్పుకోమని ఆవిడకి హిందీలో చెప్పండి."

"ఆమెకు తెలుగు వస్తది మేడమ్. మీరే చెప్పుండ్రి," అన్నాను.

మేడమ్ సైగ చేస్తే తర్వాతి బొమ్మ వేశారు. ఏవో గీతలు, అంకెలు. తల్లి వెనక్కి తిరిగి చూసుకుని కొంగు దించింది. వచ్చి పిల్లను ఎత్తుకుంది. ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాం.

ఎల్బీ నగర్ ఆటో ఎక్కాక తల్లి అడిగింది. "దీదీ, గీ పుస్తకం ఒడిశా పోతదా? అత్త చూస్తదా?"

"పోదు," అన్నాను. పోతుందో లేదో నాకేం తెలుసు.