సర్వర్ గదిలో అరగంట

విడవలూరు దగ్గర రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో నేను కంప్యూటర్ల ఇన్‌ఛార్జిని. పోయిన ఏడాది కావలిలో రెండో ఫ్యాక్టరీ తెరవడంతో, పాత సర్వర్ ఆ పని మోయలేక రోజూ మొరాయించేది. పోరుపెట్టి కొత్తది కొనిపించాను.

మార్చే రోజు మా యజమాని రమణయ్యగారు స్వయంగా ఏసీ గదిలోకి వచ్చారు. "వేలిముద్ర లేనిదే ఈ తలుపు ఎవరికీ తెరుచుకోదు సార్" అని గొప్పగా చెప్పి, ఆయన చేతే పాత సర్వర్ ఆపించాను.

బయటికి వెళ్దామని వేలు పెడితే తలుపు ఎప్పటిలా బీప్‌మని పలకలేదు. వేలిముద్రలన్నీ పాత సర్వర్‌లోనే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే అది లేవలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. భయంతో తలుపు బాదుతూ అరిచాను.

రమణయ్యగారు కండువా తలకు చుట్టుకుని, "ఏమ్మా, యాపారం పెంచమంటే నన్ను రొయ్య మాదిరి ఐసులో పెట్టినావే" అన్నారు.

అరగంటకు, ఆఫీసులో టీ ఇచ్చే మస్తానమ్మ ఫ్లాస్కుతో, భుజంతో తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"తలుపు తీసే ఉండాది గదా మేడం, ఎందుకట్టా అరస్తా ఉండారు?"

సర్వర్ ఆగగానే గడియ తనంతట తానే వదిలేసిందట. మేము బీప్ కోసం ఎదురుచూశామే గాని, పిడి పట్టి లాగాలని ఇద్దరికీ తోచలేదు.

రమణయ్యగారు కోప్పడలేదు. టీ తాగి, "కొత్తదాంట్లో ముందు మస్తానమ్మ వేలు ఎక్కించు" అన్నారు. నాలుగుసార్లు పెట్టించినా మిషన్ ఆమెను గుర్తుపట్టలేదు.

"అంట్లు తోమి తోమి గీతలు అరిగిపోయినాయి మేడం. మళ్లీ ఇరుక్కుంటే పిలవండి, తోసుకోని వస్తా" అంది.

ఆఫీసులో అందరికంటే ఎక్కువ చదువుకున్నది నేనే. తలుపు తీయడం మాత్రం ఆ రోజు మస్తానమ్మ దగ్గర నేర్చుకున్నాను.