తాత పేరు మీది బావి

మా తాత చనిపోయి పన్నెండేళ్లయినా భూమి పట్టా ఆయన పేరు మీదే ఉండేది. పెద్దపల్లి పక్కన మా ఊళ్లో చాలా ఇళ్లలో అంతే. పట్వారీ శిస్తు రసీదు మీద తాత పేరు చదివి వినిపిస్తే, బాపు ఆ కాగితాన్ని కళ్లకు అద్దుకునేవాడు. పేరు మార్పించమంటే ఒకటే మాట: "పట్టాలకెల్లి పేరు తీసుడంటే ఆయన్ని మల్లోపాలి కాట్లె పెట్టుడే గదనే."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, బావి తవ్వుకునే రైతుకు సర్కారు సబ్సిడీ ఇస్తుందని గ్రామసేవకుడు చెప్పి వెళ్లాడు. సగం లోతు తవ్వి చూపిస్తే పైసలు; ఆ పైసలతో రాతిగోడ కట్టుకోవాలి. బాపు ఎడ్లజత అమ్మి తవ్వకం మొదలుపెట్టాడు. మాది వదులు మట్టి. వానల్లోపు గోడ లేవకపోతే బావి నిలవదని తవ్వే మేస్త్రి మొదటిరోజే చెప్పాడు.

నేనప్పుడు హైదరాబాదులో బి.ఎ. ముగించుకుని ఇంటికొచ్చాను. ఊళ్లో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్లను. ఆ పొగరు ఎంతుండాలో అంతా ఉంది. దరఖాస్తు నేనే రాస్తానన్నాను.

పట్వారీ మా అరుగు మీద కూర్చుని సలహా ఇచ్చాడు. "తాత పేరు రాసి, మీ బాపుతోని ఏలుముద్ర ఏయించు బిడ్డా. ఊరంత గట్లనే ఏస్తున్నరు. శిస్తు తాతే కడుతుండు గద, పైసలు గూడ తాతకే వస్తయి."

"సచ్చినోళ్లతోని ముద్రలేయిస్తవా పంతులూ? యముడు సూస్తే నిన్ను కొలువుల పెట్టుకుంటడు."

"నీ నోరు సల్లగుండ! కాలేజీల గిదేనా నేర్పింది?"

"అబద్ధం రాసుడైతే నేర్పలే."

"ఊకోయే, పెద్దమనిషితోని గేం మాటలు!" అని అవ్వ లోపలి నుంచి కసిరింది.

తాత పేరు పక్కన 'మరణించినారు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. చదువు రాని బాపు కాగితాన్ని వెలుతురుకు పట్టి, "అచ్చు గుద్దినట్టున్నది బిడ్డ రాత" అని మురిశాడు.

దరఖాస్తు తిరిగొచ్చింది. ముందు విరాసత్ కావాలట. అంటే పట్టా తాత పేరు నుంచి బాపు పేరుకు మారాలి. బాపు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు సరేనన్నాడు. నేను కరీంనగర్ దాకా తిరిగి, కనిపించిన ప్రతి బల్ల ముందూ కొట్లాడాను. "విచారణకొస్తం, పోండ్రి" అన్నారు. తాతల పేర ముద్రలు వేసిన వాళ్ల బావుల్లో అప్పటికే గోడలు లేస్తున్నాయి.

విచారణ కన్నా ముందు వానొచ్చింది. నాలుగు రోజుల ముసురుకు ఒడ్లు పెళ్లలు పెళ్లలుగా జారిపడి, బావి గుంటయింది.

చలికాలంలో పట్టా బాపు పేరుకు మారింది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"బావేది పెద్దమనిషీ?"

"గిదే సార్. కూలింది."

కూలిన బావికి సబ్సిడీ రాదని రాసుకుని పోయాడు. మరుసటి ఏడు బాపు, చచ్చినవాడి ముద్రతో కట్టిన పక్క రైతు బావి మీద, ఆ రైతు ఎడ్లతో, కూలికి మోట తోలాడు.

నేను రాసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. బాపు నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే వాదించి ఉండేదాన్ని.